ఎల్లొత్తా, మదాం

కాకినాడ నుంచి జాకెట్టు గుడ్డలు తెచ్చే ఏజెంటు ఒకాయన ఉన్నాడు. నా టైలరింగు కొట్టు మెట్లెక్కగానే అదే పాట. "ఏవండీ దుర్గాభవాని గారూ, మీ యానాం వాళ్ళకి ఫ్రెంచి వచ్చంట కదా, ఓ రెండు ముక్కలు మాట్లాడండి, విందాం" అంటాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. "మీ కాకినాడని ఇంగ్లీషు వాళ్ళు ఏలారు కదండీ, మరి మీరు ఇంగ్లీషులో కలలు కంటున్నారా?" అని అడుగుతాను. నవ్వేసి గుడ్డలు పరుస్తాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే పాట.

అసలు సంగతేమిటంటే, యానాంలో మా మెట్టకూరు పేట నుంచి నిజంగా ఫ్రాన్సు వెళ్ళిన మనిషి మా పక్కింటి వీరవేణి. వెళ్ళేనాటికి ఆమెకి వచ్చిన ఫ్రెంచి మాట ఒకే ఒక్కటి, బీరువా. అది ఫ్రెంచి మాటేనని ఆమె మొగుడు లూయిస్ చెప్పాడు. నిజంగానే చెప్పాడో, పెళ్ళాన్ని మురిపించడానికి చెప్పాడో నాకు తెలియదు. ఫ్రాన్సు వెళ్ళిన కొత్తలో చీరలు సర్దుకోవడానికి బీరువా కావాలని ఒక పెద్ద కొట్లో అడిగిందట. వాళ్ళు మర్యాదగా తీసుకెళ్ళి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారట. వాళ్ళ భాషలో ఆ మాటకి అర్థం ఆఫీసట. కాసేపు కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసింది.

వీరవేణి యానాం చేపల మార్కెట్లో చేపలు కోసేది. కత్తిపీట ముందు ఒక కాలు మడిచి, ఒక కాలితో పీటని తొక్కిపట్టి కూర్చుందంటే, ఎంత చేపైనా చెప్పినట్టు వినాల్సిందే. చేతులు చేప మీద, కళ్ళు సంచీ పట్టుకుని వచ్చేవాళ్ళ మీద, నోరు అందరి మీద. ఎవరింట్లో చుట్టాలు దిగారో, ఎవరు జీతాలందక చవక చేపలు కవళ్ళతో సరిపెట్టుకుంటున్నారో అన్నీ ఆమెకే తెలిసేవి. మార్కెట్లో ఆమె మాట్లాడకుండా ఉన్న రోజు నేను చూడలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా మూలుగుతూ మాట్లాడింది.

లూయిస్ ఆ మార్కెట్లోనే తగిలాడు. వాళ్ళ తాత ఫ్రెంచి వాళ్ళ సైన్యంలో పనిచేసి వాళ్ళ పౌరసత్వం ఉంచుకున్నాడు. అది తండ్రి మీదుగా లూయిస్‌కి వచ్చింది. మనిషి నెమ్మది. ఒక్కడే ఉంటూ రోజూ నలుగురికి సరిపడా కానగంతలు కొనేవాడు. ఇంత చేప ఏం చేసుకుంటున్నాడా అని మేమంతా అనుకుంటుంటే, కోయించుకోవడానికి కొంటున్నాడని వీరవేణి ముందే కనిపెట్టింది. అటు చర్చి వాళ్ళూ ఇటు వీరవేణి వాళ్ళూ కొన్నాళ్ళు మూతులు ముడుచుకున్నారు గానీ, పెళ్ళి భోజనాల దగ్గర అందరూ విప్పారు. కొన్నేళ్ళకి లూయిస్‌కి ఫ్రాన్సులో ముసలివాళ్ళ ఆశ్రమం వంటగదిలో ఉద్యోగం దొరికింది. ముందు తను వెళ్ళి, తర్వాత పెళ్ళాన్ని పిలిపించుకున్నాడు. వీరవేణి సూట్‌కేసులో చీరల మధ్య కత్తిపీట పెట్టుకుని వెళ్ళింది.

ఆ ఊరి పేరు రాసేది ఒకలా, పలికేది ఇంకోలా. వీరవేణి రెండింటికీ దూరంగా "మా రేవు" అంటుంది. సముద్రం ఒడ్డునే ఊరు, పడవలొస్తాయి, చేపల వాసన కూడా మనదేనట. అదే ఆమెని ఇంకా ఏడిపించింది. వాసన మనది, మాట పరాయిది. మెట్లమీద ఎదురైన పక్కింటావిడ ఏదో అంటుంది. ఈమె నవ్వుతుంది. ఆవిడ మళ్ళీ ఏదో అంటుంది. ఈమె మళ్ళీ నవ్వుతుంది. ఎంతసేపని నవ్వుతుంది మనిషి? సర్కారు వాళ్ళు భాష నేర్పే క్లాసులో కూర్చోబెడితే, కుర్చీ మెత్తగా ఉండి నిద్ర వచ్చేదట. లూయిస్ పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. అప్పటిదాకా ఎవరితోనూ ఒక్క ముక్క లేదు.

ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు విని నేను హడలిపోయాను. "వదినా, నాకు మాట రావట్లేదే. మాట లేనిదాన్ని పనికెవరు పిలుత్తారు? పని లేకుండా ఈ గదిలో కూకోడం నా వల్ల కాదు. సలికాలం ఎల్లేలోపు పని దొరికిందా సరే, లేపోతే వచ్చేత్తాను. ఈయనకి కూడా చెప్పేశాను" అంది.

"మరి లూయిస్?" అన్నాను.

"ఆయన ఉద్యోగం ఇక్కడ. నా కత్తిపీటకి పని అక్కడ" అంది. అని ఫోన్ పెట్టేసింది. వీరవేణి అంత తొందరగా ఫోన్ పెట్టెయ్యడం అదే మొదటిసారి. నేను ఆ పూట మిషన్ తొక్కలేకపోయాను.

రేవు దగ్గర ఒక చేపల కొట్టుంది. నడిపేది మదాం జోసియాన్ అనే ఆవిడ. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. కూరగాయలకని వెళ్తూ వీరవేణి రోజూ ఆ కొట్టు ముందు ఆగేది. ఆగితే ఒకరోజు ఘోరం కంటబడింది. మదాం మంచి మంచి చేపల తలకాయలు కోసి చెత్త డబ్బాలో వేస్తోంది! తలకాయ పులుసు కోసం మా ఇళ్ళలో అన్నదమ్ములు మాటలు మానేసిన రోజులున్నాయి. వీరవేణి ఉండబట్టలేక లోపలికెళ్ళి డబ్బా వైపు చూపించి, చెయ్యి చాపింది.

మదాం ఆమెని ఎగాదిగా చూసి, "మ్యావ్?" అని పిల్లిలా అరిచిందట.

మాట అర్థం కాకపోతే నవ్వి "వీ" అనమని, అంటే అవునని, లూయిస్ నేర్పాడు. వీరవేణి నవ్వి "వీ" అంది. మదాం జాలిపడి తలకాయలు సంచీలో వేసి ఇచ్చింది. ఆ రోజు నుంచి వీరవేణి పిల్లుల కోసమని మదాం తలకాయలు పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో చింతపండు పులుసు తాగే పిల్లులున్నాయని పాపం ఆవిడకేం తెలుసు?

అలా జరుగుతుండగా మదాం మణికట్టు పట్టేసింది. కట్టు కట్టుకుని ఒంటిచేత్తో పొలుసు గీకుతుంటే చేప జారి నేలమీద పడింది. కొనేవాళ్ళు బారుగా నిలబడ్డారు. తలకాయల కోసం ఓ పక్కన నిలబడ్డ వీరవేణి కొంగు దోపి, చేప తీసి కడిగి, పొలుసు గీకి బల్ల మీద పెట్టింది. బారు తరిగేదాకా అదే పని. చివరికి మదాం ఆమెకి ఒక తెల్ల ఏప్రాన్ చూపించి, నేల చూపించి, చెయ్యి చెంపకింద పెట్టుకుని నిద్ర నటించి, లేచి మళ్ళీ నేల చూపించింది. రేపు రమ్మని. పనితనం చూస్తానని. ఆ రాత్రి లూయిస్ ఫోన్లోంచి నాకు అరిచి చెప్పింది. నేను ఇక్కడ మా ఆయన్ని నిద్రలేపి మరీ చెప్పాను.

మర్నాడు పనిలోకి దిగాక తెలిసింది, అదేమంత సుఖం కాదని. నిలబడి కోయాలి. కత్తి చేతిలో కదులుతుంది, చేప బల్లమీద ఉంటుంది. మన దగ్గర కత్తి కదలదు, చేప కదులుతుంది. పైగా వాళ్ళకి తల వద్దు, తోలు వద్దు, ముల్లు వద్దు. "అయ్యన్నీ తీసేత్తే ఇంక చేపేం మిగిలింది వదినా?" అంటుంది. మొదటి చేప చిందరవందరైంది. మదాం నిట్టూర్చింది. అప్పుడు వీరవేణి తన కష్టం చెప్పుకోవాలనుకుంది. నేలమీద కూర్చున్నట్టు వంగి, కాలితో తొక్కినట్టు చూపించి, చేత్తో కత్తిపీట ఆకారం గీసి, "ఇంటికాడ ఉంది మదాం, అదుంటే నేనేంటో చూపించేదాన్ని" అని తెలుగులోనే చెప్పింది. రోజంతా నాలుగైదుసార్లు చెప్పింది. మదాం తలూపుతూనే ఉంది. సాయంత్రానికి చెయ్యి కుదిరింది. ఆఖరి చేపలు బాగానే వచ్చాయి. మదాం బొటనవేలు పైకెత్తింది.

ఏప్రాన్ విప్పి బయలుదేరుతూ వీరవేణి గుమ్మంలో ఆగింది. ఒకరి గడప దాటేటప్పుడు చెప్పి వెళ్ళాలి కదా. అందుకని ముందురోజే లూయిస్‌ని అడిగి పెట్టుకుంది, "ఎల్లొత్తానండి అని ఆళ్ళ భాషలో ఎలాగంటారు?" అని. లూయిస్ కాసేపు ఆలోచించి మాటకి మాట పేర్చి ఇచ్చాడు. వీరవేణి పాఠం ఒప్పజెప్పినట్టు గట్టిగా అంది.

"జ పార్, జ రెవ్యాఁ, మదాం!"

వెళ్తాను, వస్తాను. మదాం చేయి ఊపింది. వీరవేణి ఇంటికెళ్ళి స్నానం చేసి, అన్నం తిని, కడుపులో చల్ల కదలకుండా పడుకుంది.

తెల్లారి కొట్టుకెళ్తే మదాం మొహం మొటమొటలాడుతోంది. వీరవేణి "బోంజూర్" అనేలోపే మొదలుపెట్టింది. అరుపులు. చేతి గడియారం చూపిస్తుంది, షట్టర్ చూపిస్తుంది, రోడ్డు చూపిస్తుంది, తన గుండె మీద కొట్టుకుంటుంది, మళ్ళీ గడియారం చూపిస్తుంది. వీరవేణికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తిడుతోందని మాత్రం తెలిసింది. తిట్టుకి భాష అక్కర్లేదు కదా. నవ్వి "వీ" అంది. దాంతో మదాం ఇంకా రెచ్చిపోయింది. వీరవేణి వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది.

సాయంత్రం లూయిస్ వచ్చేసరికి సూట్‌కేసు తెరిచి ఉంది. చీరల మీద కత్తిపీట పెట్టి ఉంది.

"ఏమైంది వేణీ?"

"ఏం కాలేదయ్యా. నాకు ఈ ఊళ్ళో పని లేదు. నిన్న బాగుందని ఏలు చూపించింది, ఇయ్యాల ఊరంతా వినేలా తిట్టింది. నేను ఏం తప్పు చేశానో కూడా నాకు తెలవదు. అది తెలవకుండా బతకడం నావల్ల కాదు. టికెట్టు తీసెయ్."

లూయిస్ మంచం మీద కూర్చుని మొదటి నుంచి అడిగాడు. ఏం చేశావు, ఏం చూపించావు, ఏం చెప్పి వచ్చావు. గడప దగ్గర చెప్పిన మాట దాకా వచ్చేసరికి నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో! తప్పు నీది కాదే, నాది. అలాగంటే ఆళ్ళకి ఇప్పుడే ఎల్లి ఇప్పుడే వచ్చేత్తానని అర్థం. నువ్వు రోజంతా ఇంటికాడ కత్తిపీట ఉందని చూపించావు కదా? అది తేడానికి ఎల్లావనుకుంది. నీకోసం కొట్టు తెరిచి కూకున్నట్టుంది."

షట్టర్ సగం దించి, దీపం వేసుకుని, ఆ చలిలో, కట్టు కట్టిన చేత్తో ఆ పెద్దావిడ రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడం వీరవేణికి కళ్ళకు కట్టింది. తను ఆ వేళకి హాయిగా గుర్రుపెడుతోంది. అప్పటిదాకా లేని ఏడుపు అప్పుడొచ్చిందట.

"రేపు నేనొచ్చి చెప్తాన్లే" అన్నాడు లూయిస్.

"వద్దు. మాటన్నది నేను. నేనే చెప్పుకుంటాను."

మర్నాడు పొద్దున కొట్టు నిండా జనం. వీరవేణి తిన్నగా బల్ల ముందుకెళ్ళి నిలబడింది. మదాం మొహం తిప్పేసుకుంది. వీరవేణి బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిచింది. మా మార్కెట్లో బేరం తెగ్గొట్టేటప్పుడు అలాగే చరిచేది. అందరూ తిరిగి చూశారు.

"జ పార్" అంది. అని రెండు చేతులూ గుండెమీద పెట్టుకుని, కళ్ళు మూసి, మెడ వాల్చి, శవంలా బిగుసుకుపోయింది. తర్వాత కళ్ళు తెరిచి, వేలు అడ్డంగా ఊపుతూ, "అనకూడదు మదాం! మాయింట్లో ఉత్తినే ఎల్తాను అనకూడదు. అలాగన్నోళ్ళు తిరిగి రారు" అంది తెలుగులోనే. మళ్ళీ, "జ పార్, జ రెవ్యాఁ" అంది. రెండు వేళ్ళతో బల్ల మీద నడుచుకుంటూ వెళ్ళింది. చెంపకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయింది. చేతులతో సూర్యుణ్ణి పైకి లేపింది. రెండు వేళ్ళతో బల్ల మీద నడుచుకుంటూ వెనక్కొచ్చింది. వచ్చి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, గడియారం వైపు చూపించి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

మదాం జోసియాన్ ఆమె వైపు చూస్తూ నిలబడింది. తర్వాత ఎవరో ముసలాయన ముందు నవ్వాడట, ఆయన వెనక అందరూ. మదాం నవ్వలేదు. లోపలికెళ్ళి ఏప్రాన్ తెచ్చి, తనే వీరవేణి మెడలో వేసి, వెనక ముడి వేసింది. ఆ సాయంత్రం వీరవేణి గుమ్మంలో ఆగి ఆ మాటే చెప్పింది. మదాం తలుపు దగ్గరికొచ్చి చెంపకింద చెయ్యి పెట్టుకుని చూపించింది, నిద్రపోయి రమ్మని.

ఉద్యోగం అలా దొరికింది. భాష తర్వాత మెల్లగా వచ్చింది. క్లాసులో రానిది బల్ల దగ్గర వచ్చింది, అదీ మదాం గొంతుతోనే వచ్చింది. పిల్లుల్ని చూపించమని మదాం అడిగిన రోజున, వీరవేణి లూయిస్‌ని లాక్కొచ్చి "ఇదిగో పిల్లి" అని నిలబెట్టింది. ఆ తర్వాత తలకాయ పులుసు మదాంకి కూడా అలవాటైంది. ముక్కూ కళ్ళూ తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేస్తుందట. వీరవేణి ఆవిడకి జవాబు కూడా నేర్పింది. మనం ఎల్లొత్తా అంటే అవతలివాళ్ళు ఊరుకోకూడదు, "ఎల్లిరా" అనాలి. మదాం నోట్లో అది "ఎలిఘా" అవుతుంది. ఫోన్లో ఒకసారి నాకు వినిపించింది. నేను కుడుతున్న జాకెట్టు వంకరపోయేంత నవ్వాను.

ఈ వేసవిలో వీరవేణి వచ్చింది. యానాంలోనే, అడవిపొలం పేటలో తమ్ముడు గణేష్ ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం. మనిషి కాస్త తెల్లబడింది, కాస్త లావయింది, నోరు మాత్రం అలాగే ఉంది. నా కొట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఇవన్నీ వేషం కట్టి చూపించింది. శవం వేషం చూసి జాకెట్టుకి కొలతలివ్వడానికొచ్చిన పిల్ల హడలిపోయింది.

"ఇక్కడికి బయల్దేరే రోజు ఏం జరిగిందో చెప్పనా వదినా?" అంది. "మదాంకి ఇప్పుడు రెండు చేతులూ పట్టేత్తన్నాయి. నేను లేకుండా కొట్టు నడవదు. నాకు ముందు పనిచేసిన పిల్ల సెలవని చెప్పి ఎల్లి మరి రాలేదంట. అందుకని వారం నుంచీ మాట్లాడకుండా మూతి ముడుచుకు తిరుగుతోంది. నేను ఇప్పుడు బాగా నేర్చేసుకున్నాను కదా, దర్జాగా ఆళ్ళ పద్ధతిలో చెప్పాలనుకున్నాను. 'ఓర్వార్, మదాం' అన్నాను. మళ్ళీ కలుద్దామని, అందరూ అనేదే. తప్పు లేదు. ఆవిడ మొహం ఇలా వాడిపోయింది."

"ఎందుకే?"

"ఏప్రాన్ పట్టేసుకుంది. ఆ మాట కాదు, అది ఈ ఊళ్ళో అందరూ అంటారు, అన్నోళ్ళంతా వచ్చారా? నీ మాట చెప్పు అంది. చెప్పాను. జ పార్, జ రెవ్యాఁ అన్నాను. అప్పుడొదిలింది. నేను మూల తిరిగేదాకా ఎలిఘా, ఎలిఘా అని అరుత్తానే ఉంది."

ఇదంతా విని నాకు లోపల చిన్న ఈర్ష్య పుట్టింది. దాచుకోవడమెందుకు? చిన్నప్పటి నుంచి నాకు చెప్పిన మాట, ఇప్పుడు ఇంకొకరు దానికోసం ఏప్రాన్ పట్టుకుని ఆపుతున్నారు. గృహప్రవేశం అయి, చుట్టాలందర్నీ చూసుకుని, ప్రయాణం రోజున నా కొట్టు గుమ్మంలో ఆగింది. "ఎల్లొత్తా వదినా" అంది. "ఎల్లిరా" అన్నాను. ఆటో మలుపు తిరిగాక మిషన్ ముందు కూర్చున్నాను గానీ, దారం సూదిలోకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

వెళ్ళిన రెండో రోజున ఫోన్ చేసింది. విమానం ఆలస్యం, ఆ తర్వాత ఎక్కాల్సిన రైలు తప్పిపోయింది. ఊళ్ళో దిగేసరికి కొట్టు కట్టేసే వేళ దాటిపోయింది. స్టేషన్‌కి వచ్చిన లూయిస్ ఇంటికి పోదామన్నా వినకుండా, సూట్‌కేసు ఈడ్చుకుంటూ రేవు మీదుగా నడిచిందట. రోడ్డుమీద అన్ని కొట్లూ మూసి ఉన్నాయి. ఒక్క కొట్టు షట్టరే సగం ఎత్తి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, శాలువా కప్పుకుని మదాం కూర్చుని ఉంది.

"నన్ను చూసి లేచింది వదినా. లేచి మొదలుపెట్టింది. గడియారం చూపించింది, షట్టర్ చూపించింది, రోడ్డు చూపించింది, గుండెమీద కొట్టుకుంది. అచ్చం ఆ రోజు తిట్టిన తిట్లే."

"మరి నువ్వేం చేశావే?"

"ఏం చేత్తాను, నిలబడి విన్నాను" అంది వీరవేణి. "ఈసారి ప్రతి ముక్కా అర్థమైంది."